మేస్త్రి గారి ‘ఆయ్’

మేస్త్రి గారు పోయారని నాకు చెప్పింది రోజూ నన్ను బడికి తీసుకెళ్లే ఆటో అతను. కాలవ వంతెన దిగుతూ అద్దంలోంచి నా వైపు చూసి, “మేస్త్రి గారు పోయేరండీ టీచర్ గారూ, తెల్లారగట్ట” అన్నాడు. నేను “ఆయ్” అన్నాను. ఏమైందని అడగడానికి నోరు రాలేదు. రెండేళ్లుగా ఆయనకూ నాకూ మాటల్లేవు. మాటలు మానేసింది నేను. ఆ సంగతి ఆటో అతనికీ తెలుసు, అమలాపురంలో సగం మందికీ తెలుసు.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఆయన గురించి మంచి మాటలు చాలానే ఉన్నాయి, అవీ రాస్తాను. కానీ ముందు బయటి ఊళ్లవాళ్లకు మా ‘ఆయ్’ గురించి చెప్పాలి. మా కోనసీమలో అవునన్నా ఆయ్, విన్నానన్నా ఆయ్, మీరంత ముచ్చట పడుతుంటే కాదనడానికి నేనెవర్నండీ అన్నా ఆయే. ఏ ఆయ్ ఎందుకన్నారో వినేవాళ్లే పట్టుకోవాలి. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. అయినా పట్టుకోలేకపోయాను.

ఆయన కార్ల రిపేరు షెడ్డు కాలవ గట్టు పక్కన ఉండేది. రేకుల కప్పు, మట్టి నేల. పాత అంబాసిడర్లు, పద్మినీలు తప్ప వేరే బళ్లు ముట్టుకునేవారు కాదు. విప్పిన ప్రతి బోల్టునూ, ఏ వరసలో విప్పారో ఆ వరసలోనే న్యూస్ పేపరు మీద పేర్చేవారు. ఎవరైనా చెప్పుకాలితో టైరు తన్ని చూస్తే ఏమీ అనేవారు కాదు గానీ, వాళ్లు వెళ్లాక ఆ టైరును గుడ్డతో తుడిచేవారు. పాత కారు కొనదలచినవాళ్లు ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకునేవారు. పెళ్లిచూపులకు వెళ్తున్నారా అని వీధిలో వాళ్లు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవారు. జేబులో రుమాలు, రుమాలు కొసన ముడివేసిన చిన్న అయస్కాంతం. అసలు రేకు మీద అది అతుక్కుంటుంది. తుప్పుపట్టిన చోట లప్పం పూసి రంగేస్తే జారిపోతుంది. ఆయన విద్యంతా ఆ ముడిలోనే ఉందని అందరూ అనేవారు.

నాకు పాత కారు పిచ్చి ఎందుకు పట్టిందో మా ఇంట్లో వాళ్లకు ఇప్పటికీ అర్థం కాదు. మా చిన్నప్పుడు మా ఊళ్లో కారున్నది ఒక్క కామందు గారికే. పాలమీగడ రంగు అంబాసిడర్. మా నాన్న ఆ ఇంట్లో పాలేరు. వానాకాలం అది మొరాయిస్తే మా పేట పిల్లలందర్నీ తొయ్యడానికి పిలిచేవారు. బురదలో కాళ్లు జారుతూ చర్చి మలుపు దాకా తోసేవాళ్లం. ఇంజను అందుకోగానే అది మా మొహాన పొగ కొట్టి వెళ్లిపోయేది. ఎక్కమని ఒక్కరోజూ ఎవరూ అనలేదు. యాభై దాటాక, జీతంలోంచి ఇంత మిగుల్చుకుని, అలాంటిదే ఒకటి కొని దగ్గరుండి బాగుచేయించుకుందామని మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. ఈ తొయ్యడం కథ ఆయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. అరుదైన బండి జోలికి పోవద్దన్నారు, దాని తలుపు పిడి ఊడితే ఊళ్లు పట్టుకు తిరగాలి కాబట్టి. రంగు చూడొద్దన్నారు, హారన్ అసలే కొట్టి చూడొద్దన్నారు. తక్కువలో దొరికిందని సంబరపడొద్దని, తక్కువకెందుకు ఇస్తున్నారో కింద పడుకుని చూస్తే తెలుస్తుందని అన్నారు. “ఇంజను పోతే ఇంకోటి తెచ్చి పెడతామండీ. అడుగు పోతే దేనికి పెడతాం?” ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా. పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కదా, రాసుకుంటే వచ్చేసినట్టే అనుకుంటాను.

మొదట కొత్తపేటలో ఒక పద్మిని చూశాం. రిటైరైన కాంపౌండరు గారిది. దుప్పటి కప్పి, కింద ఇటుకలు పెట్టి, పసిబిడ్డలా చూసుకున్నారు. మేస్త్రి గారు అయస్కాంతంతో చుట్టూ తిరిగి, కిందకి దూరి, లేచి దులుపుకుని, “బాగుందండీ టీచర్ గారూ, తీసుకోండి” అన్నారు. అంత స్పష్టంగా చెప్పారు. నాకే అది చిన్నగా అనిపించింది. అంబాసిడర్ కాదు కదా. చూద్దాం లెండి అని వచ్చేశాను.

తరవాత కె.గంగవరం దగ్గర ఒక ఊళ్లో అంబాసిడర్ ఉందని కబురొచ్చింది. కొబ్బరికాయల రాశి పక్కన, సావిట్లో ఉంది. అదే పాలమీగడ రంగు. ఆ ఇంటాయన ఎదురొచ్చి, “రండి టీచర్ గారూ, కూర్చోండి” అని అరుగు మీద కుర్చీ వేయించారు, కొబ్బరినీళ్లు తెప్పించారు. మా నాన్న అలాంటి ఇళ్లలో సావిడి దాటి లోపలికి వెళ్లి ఎరగడు. ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు ఇంక కారు కనిపిస్తేనా?

మేస్త్రి గారు గోనెసంచి పరుచుకుని కారు కిందకి దూరబోతూ, రుమాలు ముడి తీసి అయస్కాంతం నా చేతిలో పెట్టారు. జేబులోంచి పడిపోతుందని దాచమన్నారనుకుని నా హ్యాండ్ బ్యాగులో వేసుకుని, వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆయన బయటికొచ్చేసరికి తెల్లచొక్కా నిండా తుప్పుమరకలు. ఆ మరకలు చూసైనా నాకు తెలియాలి.

“బాగుంది కదా మేస్త్రి గారూ?” అన్నాను.

“ఆయ్” అన్నారు.

“తీసేసుకుందామా మరి?”

ఆయన నా బ్యాగు వైపు చూశారు. పక్కనే నిలబడ్డ ఇంటాయన వైపు చూశారు. “ఆయ్” అన్నారు మళ్లీ.

బయానా ఇచ్చేశాను. తిరిగొస్తూ ద్రాక్షారామంలో టీ తాగాం. ఆయన గ్లాసు కింద పెట్టి, “తీసేసుకున్నారు కదండీ. చేసేద్దాం లెండి” అన్నారు. అంతే. ఆ తరవాత బస్సు దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఎడమవైపుతో పని మొదలుపెట్టారు. నెలలు గడుస్తున్నా పని ఆ ఎడమవైపే ఉంది. ఒక శనివారం బడి నుంచి నేరుగా వెళ్లి చూస్తే, కారు లోపల్నుంచి షెడ్డు మట్టి నేల కనిపిస్తోంది. అడుగు రేకంతా కోసేశారు. కుడివైపు వేలు పెడితే వేలు దిగిపోతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. షెడ్డులో ఇద్దరు పాత ఖాతాదార్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే, మీరు చూసి బాగుందన్న బండి ఇదేనా అని అడిగేశాను. కళ్లు కనబడటం లేదా, లేక ఆ ఇంటాయన మీకేమైనా ముట్టజెప్పాడా అని కూడా అన్నాను. ఆ రెండో మాట ఇక్కడ రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. కానీ అన్నాను.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నారు. “ఆయ్” అన్నారు.

మర్నాడే కారును లాగించుకుపోయి బైపాసు పక్కనున్న పెద్ద షాపులో పెట్టాను. మూడు వారాల్లో తళతళలాడుతూ ఇచ్చేశారు. స్టాఫ్ రూములో, పెళ్లిళ్లలో, ప్రార్థన కూటం అయ్యాక మెట్ల మీద, ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. ఆయన ‘ఆయ్’ అన్న తీరు అనుకరించి చూపిస్తే అందరూ పడీ పడీ నవ్వేవారు. నవ్విన వాళ్లెవరూ మళ్లీ ఆయన్ని కారు చూపించడానికి తీసుకెళ్లలేదు. ఆ తెల్లచొక్కా ఇస్త్రీ పెట్టె ముఖం చూడకుండా ఉండిపోయిందని నాకు తరవాత తెలిసింది.

పోయిన మూడో రోజున వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, నేను అక్కగారు అంటాను, లోపలికి పిలిచి స్టూలు వేశారు. ఎంత కష్టంలో ఉన్నా మా వైపు వాళ్లకు మర్యాద తప్పదు, ఆ మర్యాదంటేనే నాకిప్పుడు ఒళ్లు మంట. ఏదో ఒకటి అనాలి కాబట్టి, బండి విషయంలో నేను తొందరపడి మాట అన్నానని చెప్పాను.

“మీకు రెండుసార్లు చెప్పేరంట కదండీ, వద్దని” అన్నారావిడ.

ఎప్పుడని అడిగాను.

“బాగుంటే బాగుందనే అంటారండీ ఆయన. బాలేకపోతే ఆయ్ అంటారు. ఇంటాయన్ని ఎదురుగా పెట్టుకుని వంక పెట్టరు కదండీ. అందుకే ఆ అయస్కాంతం మీ చేతికిచ్చేరంట, మీరే ఆనించి చూసుకుంటారని. మీరు బ్యాగులో వేసేసుకున్నారంట.”

నా చెయ్యి ఒళ్లో ఉన్న కొత్త బ్యాగు మీదకి పోయింది.

“మీ దగ్గరే ఉండిపోయిందండీ అది. వెళ్లి తెచ్చుకోండి అంటే, ఆవిడే ఇస్తార్లే అనేవారు.”

తెచ్చిస్తానన్నాను. “ఇప్పుడెందుకులెండి” అన్నారు అక్కగారు. “ఉంచుకోండి.”

దారంతా ఏడుస్తూనే వచ్చాను. నా మీద నాకు అసహ్యం వేసింది. దాచుకోవడం దేనికి, ఆయన మీద కూడా కోపం వచ్చింది. టీ కొట్టు దగ్గరైనా ఒక్క ‘వద్దు’ అని ఉంటే ఏం పోయేది మేస్త్రి గారూ? బయానా వదులుకునేదాన్ని. నేనన్న ఆ మాటకైనా ఎదురు చెప్పి ఉంటే, సిగ్గుపడి ఊరుకునేదాన్ని. నేను మాటలు తూచే మనిషిని కానని మీకు తెలుసు కదా. మీ మర్యాద నాకు కారు అంటగట్టింది. నా నోరు మీ బతుకుతెరువు పోగొట్టింది. ఇందులో ఎవరికి ఏం మిగిలింది?

పాత హ్యాండ్ బ్యాగు అటక మీద దొరికింది. అడుగున, సుద్దముక్కల మధ్య ఉంది అయస్కాంతం, రూపాయి బిళ్లంత. పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. కారు రేకుల పంచ కింద ఉంది. పాలమీగడ రంగు, ఎక్కడా గీత లేదు. చూడొచ్చినవాళ్లందరూ పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

ముందు కుడివైపు, తలుపుల కిందుండే రేకుకు ఆనించాను. జారి కిందపడింది. ఇంకాస్త వెనక్కి జరిగి ఆనించాను. పడింది. వెనక చక్రం దాకా వంగి వంగి పెట్టుకుంటూ పోయాను, ప్రతిసారీ మట్టిలోంచి ఏరుకుంటూ.

తరవాత అటు తిరిగి వెళ్లి, ఆయన తుప్పు కోసేసి కొత్త రేకు వేసిన ఎడమవైపు, అదే చోట పెట్టాను. చేతిలోంచి లాక్కున్నట్టు టక్కున అతుక్కుంది. వదిలేసి లేచి నిలబడ్డాను. అది అలాగే ఉంది.

“ఆయ్” అన్నాను.