మండని కన్ను

కాస్త ఈ చాప మీదికి జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే పక్కన పెట్టండి. మా అత్తగారి ఎడమ చెంప సంగతి చెబుతాను.

ఎనభైల్లో మాట. పర్చూరు దగ్గర మా ఊరు. ఆవిడకు ఉన్నట్టుండి చెంపలో కరెంటు కొట్టినట్టు నొప్పి వచ్చేది. గాలి తగిలినా అంతే, ముద్ద నమిలినా అంతే. మాట మధ్యలో ఆగిపోయి, చెయ్యి చెంపదాకా తెచ్చి, తాకకుండా అలాగే ఉండిపోయేది. మళ్లీ ఎప్పుడు కొడుతుందోనని ఇంటిల్లిపాదీ ఆవిడ మొహం వంకే చూసేవాళ్లం. పంటి నొప్పనుకుని గట్టి పళ్లు మూడు పీకించాం. పళ్లు పోయాయి గానీ నొప్పి పోలేదు.

అది ముఖం నరం జబ్బని గుంటూరులో పెద్ద డాక్టరుగారు తేల్చారు. మాత్రలు ఏడాది పనిచేశాయి, ఆ తర్వాత తల తిరుగుడే మిగిలింది. అప్పుడాయన రెండు దారులు చెప్పారు, రెండూ మద్రాసులోనే. చెవి వెనక ఎముకకు చిన్న కంత పెట్టి, నరాన్ని నొక్కే రక్తనాళాన్ని జరిపి, మధ్యలో మెత్తటి అడ్డు పెట్టడం ఒకటి. స్పర్శ పోదు గానీ పెద్ద ఆపరేషను, ప్రాణభయం కొంత ఉంది. చెంపలోంచి పొడుగాటి సూది పోనిచ్చి నరాన్ని కాల్చడం రెండోది. త్వరగా ఇంటికి రావచ్చు గానీ ఆ పక్క మొద్దుబారుతుంది, కొన్నేళ్లకు నొప్పి తిరిగి రావచ్చు.

"కన్ను కూడా మొద్దుబారితే దుమ్ము పడినా తెలీదమ్మా, జాగ్రత్త" అన్నారాయన.

"తెలీకపోవడమేగా బాబూ నాక్కావాల్సింది. సూదే పెట్టించండి" అంది అత్తగారు.

సూదితో నొప్పి ఆగింది. మిరపకాయల కాలం వచ్చేసరికి ఆవిడ మళ్లీ కళ్లంలో కూర్చుంది. రంగు పోయిన తాలుకాయలు ఏరేటప్పుడు కళ్లు మండి ముందు లేచినవాళ్లను ఆటపట్టించడం మాకు మామూలు.

"అప్పుడే లేచావేమే అమ్మాయ్? ఆ కళ్లు సినిమాలకేనా?" అనేది నన్ను.

ఆవిడ మాత్రం పొద్దు వాలేదాకా లేచేది కాదు. ఎంత గట్టి మనిషో అని మేం మెచ్చుకున్నాం. డాక్టరు మాట ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఒకరోజు నేను మొహం కడుక్కొచ్చి చూద్దును కదా, ఆవిడ ఎడమ కన్ను పండుమిరపకాయలా ఉంది.

"అత్తయ్యా, కన్ను..."

"ఏమైందే? బానే ఉందిగా."

గుంటూరు బస్సులో నేను కుదురుగా కూర్చోలేకపోయాను. నల్లగుడ్డు మీద పుండు పడిందట. ఇంకొన్నాళ్లు చూడకపోతే చూపు పోయేదన్నారు. మందుచుక్కలతో, కట్టుతో నెల దాటింది. చివరికి చూపు దక్కింది, చిన్న మచ్చ మిగిలింది.

కళ్లానికి రావద్దంటే ఆవిడ వింటుందా? అందుకని ఎడమ పక్కన నేను కూర్చునేదాన్ని. నా కళ్లు మండినప్పుడల్లా లేచి, చేతులు కడుక్కుని, ముందు ఆవిడ కన్ను కడిగేదాన్ని.

"నీకు మండితే నాకెందుకే నీళ్లు?"

"మీకు మండదు కాబట్టే."

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీలో ఒకరికి తెలియని మంట పక్కనున్నవాళ్లకు తెలియాలి.