కత్తెరమ్మ చెప్పిన ధర

కొనుగోళ్ల విభాగంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు లేరు. ఎవరు ఏ ధర చెప్పినా అడ్డంగా కోసేస్తుందని ‘కత్తెరమ్మ’ అనేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె పైకి చిరాకుపడి, లోపల పొంగిపోయేది.

ప్రభుత్వాసుపత్రులకు దుప్పట్లు కుట్టి ఇచ్చేది ఆమె సొంత తమ్ముడే. తమ్ముడు కదా అని ఎవరైనా వేలెత్తి చూపుతారేమోనని, అందరికన్నా అతణ్ణే ఎక్కువ కోసింది. “నువ్వు నాకు అక్కవా, పగదానివా?” అని గొణుగుతూనే అతను ఏటా ఒప్పందం మీద సంతకం పెట్టేవాడు. అతని కుట్టు మిషన్లు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఈసారీ ధర పెరగకపోతే షెడ్డుకు తాళం వేయడమే.

అంతలో ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. గుడ్డ, దారం, కూలి, కరెంటు లెక్కగట్టి, ఏ వస్తువుకు ఎంత ఇవ్వాలో అదే చెబుతుంది. తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది.

“ఇక నీ కత్తెర మొద్దుబారినట్టేనే అక్కా!”

“ఈ ఒక్కసారికి టెండర్లో పాత ధరే వెయ్యి. మిగతాది నేను చూసుకుంటా,” అంది. తనకన్నా చవగ్గా ఎవరూ కొనలేరని కంప్యూటర్ చేత కూడా అనిపించుకోవాలని ఆమె ఆశ.

కంప్యూటర్ తమ్ముడి పేరును ఎర్రగా చూపింది. ఖర్చుకన్నా తక్కువ ధర. ఇతను సరఫరా చేయలేడు.

పైఅధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. “మీరే ఒత్తిడి చేసి తగ్గించుంటే చెప్పండి మేడమ్, ధర పెంచి ఉంచుదాం. లేదంటే తీసెయ్యాలి.”

తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె అటు చూడలేదు.

“నేనేం అన్లేదండీ. అతనికే లెక్కలు రావు.”

అధికారి జాబితాలోంచి ఆ పేరు కొట్టేశాడు.

వరండాలో తమ్ముడు అడ్డం వచ్చాడు. “ఆ ధర వెయ్యమన్నది నువ్వేగా అక్కా?”

“సంతకం ఎవరిది?”

అతను పక్కకు తప్పుకుని దారిచ్చినా ఆమె కదల్లేదు.

“కిందటి ఒప్పందంలో ఆఖరి లోడు ఇంకా రాలేదు. పంపించు.”

“దానికైనా కాస్త...”

“ఒప్పుకున్న ధర ఒప్పుకున్నదే.”

అతను చంకలోంచి ఆ లోడు తాలూకు నమూనా దుప్పటి తీసి ఇచ్చాడు. ఆమె అలవాటుగా దాని అంచును గోటితో లాగి చూసింది. కుట్టు కదల్లేదు. మళ్లీ లాగింది.

“దారం పలచబడింది,” అంది. “దీనికి కోత పడుతుంది.”