ఆరు కంప్యూటర్లకు తిరుపతి క్షవరం

ఒకే ఆదివారం, టిఫినుకూ భోజనానికీ మధ్య, ఆరు కంప్యూటర్లనూ ఒక పెద్దాయన రెండేళ్ల కష్టాన్నీ మట్టిపాలు చేసిన ఘనత నాది. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. తిరుపతిలో డిగ్రీ చదువుతూ నేను లినక్స్‌ను కనిపెట్టాను. కనిపెట్టడమంటే, ఒక పత్రికతో పాటు వచ్చిన మూడు సీడీల్లో చూశానన్నమాట. కంప్యూటర్‌ను నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు పంచొచ్చు. ఇంత మంచి విషయం నా ఒక్కడి దగ్గరే ఉండిపోతే లోకం ఏమైపోతుంది? తెలిసింది వీసమెత్తు, చెప్పాలన్న ఆత్రం పుట్టెడు.

చంద్రగిరిలో ఖాదరన్నకు ఆరు కంప్యూటర్ల సెంటర్ ఉండేది. అక్కడ కొత్తవాళ్లకు లినక్స్ క్లాసు చెబుతానని ఆయన వెంటపడ్డాను. ఆయనకు ఒకటే అనుమానం.

"లోపల ఉండేటివి పోవు గదప్పా? నాలుగో దాంట్లో సారు రాసుకునేది ఉండాది."

"పోవన్నా. ఉండే ఇంటికి పక్కన ఇంకో రూము కట్టినట్టు, అంతే."

సారంటే రిటైరైన తెలుగు మాస్టారు. చిత్తూరు పల్లెల్లో జనం నోట ఉండి నిఘంటువులకు ఎక్కని మాటలన్నీ ఏరుకొచ్చి, ఒంటి వేలితో రెండేళ్లుగా టైపు చేస్తున్నారు. పుస్తకంగా చూసుకోవాలని ఆశ.

ఆదివారం పన్నెండు మంది వచ్చారు. నా దగ్గరున్నది ఒకే ఒక్క సెట్టు సీడీలు. ఒక కంప్యూటర్ పూర్తయ్యేదాకా మిగిలినవాళ్లు ఆగుతారా? అందుకని మా ఊరి తెలివి వాడాను. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఇంకో కత్తి దగ్గరికి పోకుండా, వెనకటికి క్షురకులు అందరి తలలూ కాస్త కాస్త గొరిగి కూర్చోబెట్టేవారట. తిరుపతి క్షవరం అంటారే, అదే. మొదటి సీడీని ఒకదాంట్లో పెట్టడం, అది రెండో సీడీ అడగ్గానే దాన్ని అలాగే వదిలేసి పక్కదానికి జరగడం. అలా ఆరింటినీ గొరుక్కుంటూ పోయాను.

మధ్యలో కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. లోపల ఉన్నదంతా తుడిచేయమంటావా అని అడిగిందని తర్వాత తెలిసింది. నేను అప్పుడు స్వేచ్ఛ గురించి ఉపన్యాసంలో ఉన్నాను. చదవకుండా సరే నొక్కాను. ఒకసారి కాదు మహాప్రభో, ఆరుసార్లు.

ఇక రెండో సీడీ తీశాను. దాని నిండా గీతలు. మొదటి కంప్యూటర్ చదవనంది. రెండోదీ అంతే. చొక్కా కొసతో తుడిచాను, ఊదాను, వెంకన్నకు మొక్కాను. ఆరూ చదవలేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చెప్పులేసుకున్నారు.

"పోనీలేప్పా, పాతదే తెరువు. సారు వచ్చే టైమయింది" అన్నాడు ఖాదరన్న.

తెరుద్దామని చూస్తే పాతది లేదు. ఏ ఒక్కదాంట్లోనూ లేదు. గొడుగు మడుచుకుంటూ సారు లోపలికి రానే వచ్చారు. ఖాదరన్న నా వైపు చూశాడు. చెప్పక తప్పలేదు.

"సార్, మీ మాటలు పోయినాయి."

"నా మాటలా? నేనింకా నోరే తెరవలేదే."

అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. టైపు చేసినవి చేసినట్టు చింపేశారట. ఆయన ఖాళీ తెర వంక చూస్తూ కూర్చున్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది. సిగ్గుతో చచ్చిపోయాను.

లేచేటప్పుడు మాత్రం, "వచ్చే ఆదివారం రాప్పా. నేను చెప్తా, నువ్వు కొట్టు" అన్నారు.

వెళ్లాను. అప్పటికి ఎవరినో పిలిపించి కంప్యూటర్లలో పాతది మళ్లీ ఎక్కించుకున్న ఖాదరన్న, కీబోర్డు తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దన్నాడు. సారు కళ్లు మూసుకుని గుర్తున్నవి 'అ' నుంచి చెబుతున్నారు. గుర్తురానిచోట ఆగిపోతున్నారు. ఆగిన చోటల్లా నేను ఒక వరస ఖాళీ వదిలాను.

"అదిగప్రసంగి" అన్నారు. "అరవం నుంచి వచ్చిన మాట. అడక్కుండా పక్కోళ్ల పనిలో తల దూర్చేవాడు."

ప్రతి మాటకూ ఒక ఉదాహరణ ఉంటుంది. దీనికేం పెట్టమంటారు సార్ అని అడిగాను. ఆయన కళ్లు తెరిచారు.

"నీ పేరు కొట్టప్పా. ఇంకేం రాయబళ్లేదు."

కొట్టాను, ఒక్క అక్షరం తప్పు లేకుండా. పుస్తకం అచ్చయింది. ఉండాల్సినదానికన్నా సన్నగా ఉంటుంది, నా పేరు మాత్రం పోలేదు.

అందుచేత ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కంప్యూటర్ ఏమడిగినా కడదాకా చదవనిదే సరే అనను. ఎవరూ అడక్కుండా ఎవరికీ జ్ఞానం పంచను. ఈ మాట తప్పిన రోజున, రెండో ముద్రణలో నా ఇంటిపేరు కూడా వేసుకోవచ్చు.