షట్‌డౌన్ వేళ ఒంటి తుమ్ము

నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. శకునాలంటే అసలే లేదు. పిల్లి ఎదురొస్తే, దానికీ ఏదో పనుండి ఉంటుందిలే అనుకునే మనిషిని. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, ఆపైన మీ ఇష్టం.

మాది చోడవరం. విశాఖపట్నంలోని ఒక కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తాను. అప్పటికింకా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. ల్యాప్‌టాప్ వాళ్లదే. సాయంత్రం పనయ్యాక మూత దించేసి లేచిపోతే కుదరదు. ఫైళ్లన్నీ సేవ్ చేసి, ఒక్కోటీ మూసి, షట్‌డౌన్ నొక్కి, లైటు ఆరేదాకా చూడాలి. నేను తు.చ. తప్పకుండా అలాగే చేసేదాన్ని.

అయినా కొన్నిసార్లు పొద్దున్న మూత తీసేసరికి తెర వెలుగుతూ ఉండేది. రాత్రంతా సిస్టమ్ ఆన్‌లోనే ఉందని మా మేనేజర్‌కు అక్కడ తెలిసిపోతుంది. రాత్రిళ్లు ల్యాప్‌టాప్ ఎవరికి ఇస్తున్నావని అడిగాడు. ఎవరికీ ఇవ్వలేదంటే నమ్మలేదు.

ఛార్జర్ పీకేశాను. మౌస్ పీకేశాను. బీరువాలో పెట్టి తాళం వేశాను. బీరువాలోనూ వెలిగింది. అనకాపల్లిలో రిపేరు షాపతను అంతా చూసి, దీనికి ఏ రోగమూ లేదన్నాడు. మా ఆయన మాత్రం నావైపు అదోలా చూశాడు.

కారణం కనిపెట్టింది మా అత్త. ఆవిడ తుమ్మితే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. నేను షట్‌డౌన్ నొక్కబోతుండగా ఆవిడ ఒంటి తుమ్ము తుమ్మిన రోజునే ఇలా అవుతోందట.

"తుమ్ము తమ్ముడై సెప్తాదే. కాసేపు కూకుని, గుక్కెడు మంచినీళ్లు తాగి, అప్పుడు నొక్కు. మనిషి గుమ్మం దాటడానికి ఆగుతాడు గదా, దానికి మాత్రం అక్కర్లేదేటి?"

నవ్వొచ్చింది. అయినా పెద్దావిడ మాట ఎందుకు కాదనాలని, తుమ్మినప్పుడల్లా ఆగి నీళ్లు తాగి నొక్కాను. ల్యాప్‌టాప్ బుద్ధిగా పడుకుంది. ఒకరోజు పరీక్షిద్దామని, ఆవిడ తుమ్మినా ఆగకుండా నొక్కేశాను. నా పొగరు అది. తెల్లారి తెర దేదీప్యమానంగా వెలుగుతోంది. మేనేజర్ ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఇలా అయితే ల్యాప్‌టాప్ వెనక్కి పంపేయమన్నాడు. అంటే ఉద్యోగం పోయినట్టే. ఏడుపొచ్చింది. చంటిపిల్లతో ఇల్లు కదలకుండా చేసుకునే ఉద్యోగం నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

ఆ వారమే మా అత్త మాడుగులలో కూతురింటికి వెళ్లింది. హమ్మయ్య, తుమ్ము బస్సెక్కిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మా ఆయన పాపనెత్తుకుని బజారుకు వెళ్లాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఫైళ్లన్నీ మూసి షట్‌డౌన్ నొక్కబోయాను.

హాల్లోంచి తుమ్ము వినబడింది. ఒక్కటే. చివర్లో "అమ్మో" అనే దీర్ఘంతో సహా అచ్చం మా అత్త తుమ్మే. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి.

లేచి వెళ్లి చూస్తే హాలు ఖాళీ. వీధి తలుపుకు నేను వేసిన గడియ వేసినట్టే ఉంది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు, వాళ్ల తుమ్ము అనుకుందామన్నా.

పరువు పోతే పోయింది, ఉద్యోగం ఉంటే చాలు అనుకున్నాను. కూర్చుని గ్లాసెడు నీళ్లు తాగాను. చదువుకున్నదాన్ని కదా, గుక్కెడు సరిపోతుందో లేదోనని గ్లాసంతా తాగేశాను. అప్పుడు నొక్కాను. లైటు ఆరింది.

అంతలో ఫోన్ మోగింది. మాడుగుల నుంచి అత్త. పలకరింపు కూడా లేదు.

"ఒసే, ఇందాక ఇక్కడ తుమ్మేసేను. నువ్వు కంప్యూటర్ కట్టేసే ఏళ అని గురుతొచ్చింది. ఆగేవా, నొక్కేసేవా?"

"ఆగేనత్తా" అన్నాను.

పొద్దున్న మూత తీస్తే తెర నల్లగా, చల్లగా ఉంది. అంత అందమైన తెర నేను జన్మలో చూడలేదు. నెల తిరక్కుండా ఉద్యోగం పర్మనెంటైంది. ఆ సమస్య ఎలా పోయిందని మేనేజర్ అడిగితే, సెట్టింగ్స్ మార్చానని చెప్పాను.

మాడుగులలో తుమ్మితే చోడవరంలో నా గిన్నెలెందుకు కదిలాయో ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతుబట్టదు. ఊరి నుంచి వచ్చాక అత్తనే అడిగాను. ఆవిడకు అందులో వింతేమీ కనబడలేదు.

"అది పెద్ద తుమ్మేలే" అంది.