ఎదురొచ్చే విమానం

దర్జీకి కంగారు పుడితే కుడిపాదం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతుంది. ఆ సాయంత్రం మైదానంలో, మెడలో టేపు తియ్యడం కూడా మరిచి రిమోటు పట్టుకున్నప్పుడూ ఆడుతూనే ఉంది. ఒకప్పుడు అతని బొమ్మవిమానమే భార్య కనుబొమ చీల్చింది. ఆనాడు అటకెక్కిన రిమోటును ఇన్నేళ్ళకు దింపింది ఆవిడే; ఇప్పుడు అతని వెనకే నిలబడింది.

"భయమైతే పక్కకెళ్ళు" అన్నాడు.

"నన్ను కాదు, దాన్ని చూడండి" అంది.

కొత్త విమానం బాగానే లేచింది. దూరంగా వెళ్ళి, మలుపు తిరిగి, ఒక రెక్క వాల్చుకునే వాళ్ళ మీదికి రాసాగింది. ఎదురొచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆనాడూ అక్కడే పొరబడ్డాడు. వేలు మళ్ళీ మీటను తప్పువైపే నెట్టింది. రెక్క ఇంకా వాలింది.

"ఏవండీ, ఇటే వస్తోంది!" భార్య అరిచింది.

కొత్తవాళ్ళు చేస్తే తను ఒకప్పుడు నవ్విన పనే చేశాడు: విమానానికి వీపు తిప్పి, భుజం మీదుగా దాన్ని చూశాడు. ఇప్పుడు దాని ఎడమా తన ఎడమా ఒకటే. మీట నెట్టాడు. రెక్క లేచింది. రొద తలల మీదుగా సాగిపోయింది. ఎదురుగా భార్య, కళ్ళు గట్టిగా మూసుకుని, కనుబొమ మీద చెయ్యి పెట్టుకుని, అడుగైనా కదపకుండా అక్కడే ఉంది. అతని పాదం ఆగింది.

"నన్ను కాదన్నానా," అంది కళ్ళు తెరవకుండానే, "దాన్ని చూడండి."