మాకు రాని దగ్గు

మొన్న మందుల షాపులో నా ముందు నిలబడిన ఆరేళ్ల పిల్ల, స్కూలు బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీసి, తనే ఊపుకుని రెండుసార్లు పీల్చి, మళ్లీ బిస్కెట్టు కొరుక్కుంటూ నిలబడింది. వాళ్లమ్మ కంగారైనా పడలేదు. నేను మాత్రం కొనాల్సిన మందు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

రెండువేల సంవత్సరానికి అటూ ఇటూగా మేం గుంటూరులో మిర్చి యార్డు దగ్గర కాపురం ఉండేవాళ్లం. మావారు యార్డులో గుమస్తా. నేనూ మా అత్తగారూ వసారాలో కూర్చుని కాయలకు తొడిమలు తీసేవాళ్లం. సీజను వచ్చిందంటే లారీల పొగా కాయల దుమ్మూ కలిసి, ఉతికి ఆరేసిన బట్టలు సాయంత్రానికి మళ్లీ ఉతకాల్సి వచ్చేది. చుట్టాలు గుమ్మంలోనే తుమ్ములు మొదలెడితే మేం నవ్వుకునేవాళ్లం.

మా అమ్మాయికి నాలుగో ఏట ఆయాసం పట్టుకుంది. జలుబన్నాం, పడిశమన్నాం, చివరికి దిష్టి అన్నాం. మనవరాలంటే ప్రాణం పెట్టే అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసేవారు. ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు. మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే కదా. మాకెవరికీ దగ్గు రాలేదు. పిల్ల దగ్గేది గానీ, దానికెప్పుడూ ఉండే దగ్గేగా అనుకున్నాం. "చూశావా అమ్మాయ్, ఘాటే లేదు, ఎంతమంది కళ్లు పడ్డాయో" అంటూ ఆవిడ మర్నాడు ఇంకో గుప్పెడు వేసేవారు. నేను ఆపలేదు సరికదా, నిప్పులు నేనే తెచ్చి ఇచ్చేదాన్ని.

ఒక ఉదయం అలా తిప్పిన కాసేపటికే పిల్ల పెదాలు నీలంగా మారాయి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లేలోగా ఎందరు దేవుళ్లకు మొక్కుకున్నానో చెప్పలేను. మందు పట్టి ఊపిరి కుదుటపడ్డాక, నా కొంగు గాలికే నర్సమ్మ తుమ్మింది, డాక్టరుగారు దగ్గారు. ఇంట్లో ఏం కాలుస్తున్నారని అప్పుడడిగారు. చెప్పాను. "ఘాటు లేక కాదమ్మా, మీ ముక్కులకి తెలియడం మానేసింది" అన్నారాయన. ఒంటికి కాపలా కాసే శక్తి ఒకటుంటుందనీ, పొగా దుమ్మూ రోజూ ఊపిరితిత్తుల్ని గీరుతుంటే కొందరి ఒంట్లో అది బెదిరిపోయి, పుప్పొడిని చూసినా శత్రువే వచ్చినట్టు ఎగబడుతుందనీ, అలాంటి ఛాతీకి మేం చేతులారా పొగ పెట్టామనీ విడమర్చి చెప్పారు.

అత్తగారు ఆ తర్వాత బతికినన్నాళ్లూ తాలింపులో కూడా ఎండుమిరపకాయ వేయనివ్వలేదు. ఆవిడ్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు, నిప్పులు నావే కదా. ఇల్లు మారాం. పిల్ల పెరిగి ఉద్యోగం చేసుకుంటోంది, చలికాలంలో మందు పీల్చుకుంటూనే.

ఇప్పుడు గాలి ఎలా ఉందో ఫోన్లే చెబుతున్నాయట, తల్లులు ధీమాగా ఉంటున్నారు, మంచిదే. నాకా ధీమా రాదు. మా అమ్మాయి కొడుకు పక్కన నిద్రపోతుంటే గాలి బాగానే ఉందనిపిస్తుంది. అలా అనిపించగానే భయమేసి, లేచి వాడి ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తాను.