బరువు పడితే గట్టిపడే పిల్లరు

1962 ఎండకాలం. జమ్మికుంటల ఒక పత్తి సేటు కొత్త గోదాం కట్టిస్తున్నడు. అప్పట్ల మా దిక్కు సిమెంటు పిల్లర్ల మీద లేచే కట్టడాలు తక్కువ. రాతి గోడలు, టేకు దూలాలు, మీద పెంకలు, అందరికి ఎరికైన పని అదే. పత్తి అమ్మ వచ్చిన రైతులు బండ్లు ఆపి మరీ మా గోదాం చూసేటోళ్లు. నేను కాంక్రీటు మాలు మోసే ఆడోళ్ల ముఠాకు పెద్దను. అప్పట్ల నాకు అక్షరాలు రావు. యాభై దాటినంక వయోజన బడిల నేర్చుకున్న. అందుకే ఈ ముచ్చట ఇన్నేండ్లకు రాస్తున్న.

మా పని తెలియనోళ్లకు ఒక సంగతి చెప్పాలె. స్లాబు పోసినప్పుడు దాని కింద సెంట్రింగ్ ఉంటది. అంటే పలకలు, వాటిని మోసే కట్టె గుంజలు. మాలు గట్టిపడేదాక కప్పు బరువంత ఆ గుంజల మీదనే. రోజూ నీళ్లు పట్టి, మాలు ముదిరినంక గుంజలు ఊడదీస్తరు. కప్పు బరువు మొదటిసారి పిల్లర్ల మీదికి దిగేది ఆనాడే. గుంజలు కొట్టేది మగ మేస్త్రి. కప్పు కిందికి పోయి వాటిని బయటికి మోసుకొచ్చేది మాత్రం మేము.

ఆ గోదాం పిల్లర్లకు బండ్లు ఆగే దిక్కు బ్రాకెట్లు ఉండె. పిల్లరుకు మోచెయ్యి ముందుకు చాపినట్టు ఉంటది బ్రాకెట్. పని పూర్తయినంక దాని మీద ఇనుప దూలం పెట్టి పత్తి బేళ్లు లేపాలని సేటు ఆలోచన. కాని గుంజలు తియ్యకముందే పత్తి ప్రెస్ మిషను లారీల వచ్చింది. సేటు ఆగలేదు. గుత్తదారు మూల పిల్లరు బ్రాకెట్‌కే గొలుసు కట్టించి, మిషను ముక్కను ఎత్తి దింపించిండు. ఇంజనీరు సారు ఆ రోజు ఊళ్లె లేడు.

తెల్లారి స్వరూప ఆ మూల పిల్లరుకు నీళ్లు కొడుతుండె. స్వరూప మా ముఠాల రాజవ్వ బిడ్డ, కొత్తగ పెండ్లయిన పిల్ల. నిచ్చెన మీది నుంచి పిలిచింది.

"లచ్చత్తా, జర ఇటు చూడు. అంత ఆరింది, గీ గీతలు ఆరుత లేవు."

ఎక్కి చూసిన. బ్రాకెట్‌కు వెనుక దిక్కు, జర కింద, మూడు సన్న గీతలు అడ్డంగ ఉన్నయి. పిల్లరంత తెల్లగ ఆరిపోయినా వాటిల నీళ్లు నల్లగ నిలిచి ఉన్నయి. మూడు వెంట్రుకలు అంటుకున్నట్టు కనబడ్డయి. రెండు రోజులల్ల గుంజలు తియ్యాలె.

గుత్తదారు చూసి నవ్విండు. "వెంట్రుకంత గీతకు ఇంత పరేషానా? నా కొడుకు మీద ఒట్టు లచ్చవ్వా, ఏం కాదు. మీద ప్లాస్టర్ కొడితే కనబడనే కనబడది."

"కనబడకపోతే లేనట్టేనా?" అన్నది రాజవ్వ. "కండ్లు మూసుకుంటె ముందటి పులి పోతదా?"

ఇంజనీరు మూర్తి సారు మరునాడు వచ్చిండు. కోస్తా దిక్కు మనిషి, మెల్లగ మాట్లాడేటోడు. నిచ్చెన ఎక్కి గీతల మీద గోరుతోని రాసి చూసిండు. గొలుసు సంగతి విని గుత్తదారును అందరి ముందట్నే తిట్టిండు. గొలుసు అప్పటికప్పుడు విప్పించిండు. అటెన్క మా దిక్కు తిరిగి ఆయన అన్న మాటకు మా మతులు పోయినయి.

"భయపడకండమ్మా. గుంజలు తీసేసి కప్పు బరువు పడితే ఈ కాలమ్ ఇంకా బలపడుతుంది."

కాలమ్ అంటే పిల్లరే. రాజవ్వే నోరు తెరిచింది.

"కాలు మడతబడ్డ ఎద్దు మీద ఇంకో బస్తా ఏస్తె లేస్తదా సారూ? మీ దిక్కు ఎడ్లు అట్లనే ఉంటయా?"

అందరు నవ్విన్రు. సారు గూడ నవ్విండు. "ఎద్దు కాదమ్మా. మీరు మాలు నింపిన గమేలా నెత్తిన పెట్టుకుంటే ఎలా నడుస్తారు?"

"నిటారుగ."

"అదే బిందె చంకన పెట్టుకుంటే?"

"పక్కకు ఒరుగుతం."

"నెత్తి మీది నుంచి తిన్నగా దిగేది యాక్సియల్ లోడ్. పక్కన వేలాడి ఒంచేది బెండింగ్. మొన్న ఈ కాలమ్‌కి నెత్తిన ఏమీ లేదు, కప్పు గుంజల మీద ఉంది. చంకన మాత్రం మిషను వేలాడింది. అందుకే వెనక వైపు సాగి చీలింది."

ఇంతవరకు నాకు సమజైంది. అటెన్కనే చిక్కుబడ్డది. ఆయన ఇసుకల పుల్లతోని నిలువు గీత ఒకటి, అడ్డ గీత ఒకటి గీసిండు. పైకి పోతే నెత్తి బరువు పెరిగినట్టట. పక్కకు పోతే ఒంపు పెరిగినట్టట. ఆ రెంటి నడుమ ఇంకో గీత గీసిండు. అది అడుగున మొదలై, మీదికి పోయినకొద్ది బయటికి ఉబ్బి, మళ్ల వెనక్కి తిరిగి నిలువు గీతను ముట్టుకున్నది. దాని లోపల ఉంటే క్షేమం, దాటితే విరుగుతదని చెప్పిండు.

"కొడవలి గీసిండు సారు," అన్నది రాజవ్వ.

నేను దాని చుట్టు తిరిగి చూసిన. పిల్లరు నిటారుగ ఉన్నది, గీత ఒంకరగ ఉన్నది. బరువు మోస్తే బలం వచ్చుడేంది, అదే బరువుతోని మళ్ల బలం పోవుడేంది? అడిగినకొద్ది ఆయన చెప్పిండు, చెప్పినకొద్ది నా తలకాయ తిరిగింది.

ఆఖరుకు పుల్ల పారేసి ఇటుకలు తెప్పించిండు. మాలు లేకుంట ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ ఏలుతోని నెట్టుమన్నడు. నెట్టిన. అవతలి దిక్కు సందు తెరుచుకొని పేర్చిందంత కూలింది. మళ్ల పేర్చి, రాజవ్వను మీద అరచేతితోని గట్టిగ ఒత్తుమన్నడు. అంతే నెట్టిన. సందు తెరుచుకోలేదు.

రాజవ్వ తన చెయ్యిని తానే చూసుకున్నది.

నాకు ఉన్న చిక్కు పోయింది, కొత్తది వచ్చింది. "పచ్చి ఇటుకలైతే సారూ? గింత ఒత్తితే నలిగిపోవా?"

"అదేనమ్మా! ఆ గీత వెనక్కి తిరిగే చోటు అదే. అంతవరకు బరువు మేలు చేస్తుంది, అది దాటితే నలగ్గొడుతుంది."

"మరి మన పిల్లరు కాలిన ఇటుకనా, పచ్చి ఇటుకనా?"

"పిల్లర్లు పోసిన రోజు అదే మాలుతో క్యూబులు, అంటే చిన్న దిమ్మలు, పోశాం. వాటిని మిషన్‌లో నలగ్గొట్టి చూశారు, గట్టిగానే ఉన్నాయి. ఈ కప్పు బరువు ఆ మలుపుకి చాలా కింద ఉంది. ఇది నేను లెక్క కట్టి చెబుతున్నా. కాలమ్ లోపలికి దూరి చూసినవాడు మాత్రం ఎవడూ లేడు."

రాజవ్వ ఒక్కటే అడిగింది. "గుంజలు తీసేటప్పుడు నువ్వు గూడ కింద ఉంటవా?"

"ఉంటానమ్మా. కానీ నేనున్నానని కాలమ్‌కి బలం రాదు. నా ధైర్యం దానికి తెలియదు."

గుత్తదారు కొడుకు మీద పెట్టిన ఒట్టుకు నా మనసు కుదురలేదు. ఈ మాటకు కొంచెం కుదిరింది. ఎందుకో ఇప్పటికీ సరిగ చెప్పలేను.

ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున ముఠాకు చెప్పిన. చిన్న పిల్లలున్నోళ్లు, కొత్త పెండ్లిపిల్లలు బయట నిలబడి గుంజలు అందుకోవాలె. లోపలికి నేను, ఇంకో ముగ్గురు పోతం. స్వరూప అలిగింది. "పనికి పనికిరానా అత్తా నేను?"

"నోరు మూసుకొని నిలబడే," అని రాజవ్వ బిడ్డను ఎనక్కి నూకి, చీర కుచ్చిళ్లు బిగించి నా ఎంబడి వచ్చింది.

మేస్త్రి నడిమి నుంచి మొదలువెట్టి అంచులకు వస్తుండు. ఒక్కొక్క గుంజ పడ్డప్పుడల్ల మిగిలినయి కిర్రుమన్నయి. మేం ఎత్తుకొని ఉరికినం, మళ్ల వచ్చినం. మూర్తి సారు మూల పిల్లరు దగ్గరనే, మీదికి చూసుకుంట నిలబడ్డడు. అంగి వీపుకు అంటుకపోయింది. ఆఖరు గుంజ బయటికి వచ్చింది.

కప్పు నిలిచింది. సారు పిల్లరుకు నీళ్లు కొట్టించి చూసిండు. గీతలు పోలేదు. కాని పిల్లరుతోని పాటే ఆరినయి, వాటిల నీళ్లు నిలువలేదు. "మూసుకున్నాయి," అన్నడు. నేను గూడ గోరుతోని రాసి చూసిన. నాకు ఏమి తెలియలేదు.

బయట సద్ది మూటలు విప్పినం. రాజవ్వ ఒక బుక్క తిని అడిగింది.

"లచ్చవ్వా, గా కొడవలి ముచ్చట నీకు సమజైందానే?"

"సగం అయింది."

"మరి గింతసేపు మనం ఏ సగం కింద తిరిగినం?"

అందరు నవ్విన్రు. స్వరూప నవ్వలేదు. నేను గూడ నవ్వలేక పోయిన.

అటెన్క ఎన్నో సెంట్రింగ్‌లు తీసినం. ఇంజనీర్లు చెప్పింది ఒక్కొక్కసారి సమజైంది, ఒక్కొక్కసారి కాలేదు. అక్షరాలు వచ్చినంక గూడ ఆ ఒంకర గీత నాకు పూర్తిగ చిక్కలేదు. మారింది ఒక్కటే. కప్పు కిందికి పోకముందు ముఠాను కూసోబెట్టి, నాకు తెలిసిందేందో, తెలియందేందో రెండూ చెప్పేదాన్ని. విని కొందరు ఎనక్కి జరిగేటోళ్లు. వాళ్లను బతిమాలలేదు, ఒక్క మాట అనలేదు. మిగిలినోళ్లం లోపలికి పోయేటోళ్లం.